నీట్ దగ్గర ఆగిపోకూడని చదువు: బయోమెడికల్ పీజీ కోర్సులు, మన బాధ్యత

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు ఇచ్చిన అంశం 'ఉన్నత విద్య'. ఇది చాలా పెద్ద అంశం. అందులోంచి ఒక్క ముక్క తీసుకుని మాట్లాడతాం. ఇంటర్లో బైపీసీ చదివి, నీట్ రాసి, ఎంబీబీఎస్ సీటు రాని పిల్లల సంగతి అది. కడప జిల్లాలో ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులుగా మేము ప్రతి జూన్, జూలై నెలల్లో ఈ పిల్లల్ని చూస్తూనే ఉన్నాం.

లెక్క మన ముందే ఉంది. 2024లో నీట్ రాసినవారు 23 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు మాత్రమే. వాటిలో పేదవాడు కట్టగలిగే ఫీజు ఉన్న ప్రభుత్వ సీట్లు దాదాపు సగం. అంటే రాసిన ప్రతి ఇరవై మందిలో పద్దెనిమిది మందికి పైగా సీటు లేకుండా తిరిగి వస్తారు. వాళ్లంతా తెలివి లేని పిల్లలా? కాదు. సీట్లు లేవు, అంతే. కానీ మన ఇళ్లలో ఆ బిడ్డకు 'ఫెయిలయ్యాడు' అనే ముద్ర వేస్తాం. అబ్బాయి అయితే దుకాణంలో కూర్చోబెడతాం. అమ్మాయి అయితే సంబంధాలు చూడటం మొదలుపెడతాం. ఇంకొందరు అప్పు చేసి రెండోసారి, మూడోసారి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపుతారు.

వైద్యం అంటే రోగిని చూసి మందు రాసే డాక్టరు ఒక్కరే కాదు. ఆ మందు కనిపెట్టినవారు ఉన్నారు. ఆ రోగం ఏ క్రిమి వల్ల వచ్చిందో తేల్చినవారు ఉన్నారు. ఆ టీకా ఎంతమందికి పనిచేసిందో లెక్క కట్టినవారు ఉన్నారు. వీళ్లలో చాలామంది ఎంబీబీఎస్ చదవలేదు. వాళ్లు చదివిన చదువులనే బయోమెడికల్ సైన్సులు అంటున్నాం. బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, జెనెటిక్స్, ఇమ్యునాలజీ, ఫార్మకాలజీ, న్యూట్రిషన్, బయోస్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ ఇవన్నీ ఆ గొడుగు కిందివే.

ఒక తెలుగువాడి సంగతి చెబుతాం. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివితే చివరకు ఆయనకు ఎంబీబీఎస్ పట్టా రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. ఆయన అక్కడ ఆగలేదు. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. చేతిలో డబ్బు చాలక ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేశారు. 1930లో బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ పొందారు. ఈ రోజు మన ఊళ్లో ఆరోగ్య కార్యకర్తలు బోదకాలు రాకుండా పంచే డీఈసీ మాత్ర వెనక ఆయన పరిశోధన ఉంది. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన నడిపిన బృందం. క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ బృందం నుంచే వచ్చింది.

దాతలకు ముఖ్యంగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. సుబ్బారావు గారు అమెరికా వెళ్లేందుకు ఆయన మామగారు డబ్బు సమకూర్చారు. ఆ ప్రయాణానికి అండగా నిలిచిన మరో చేయి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్. అది మన సొసైటీ లాంటి ఒక ధర్మసంస్థ. ఎంబీబీఎస్ పట్టా కూడా దక్కని ఒక యువకుడి చదువుకు సాయపడాలని ఆ సంస్థ పెద్దలు అనుకున్నారు. ఆ సాయం ఎంత దూరం వెళ్లిందో లోకమంతా చూసింది.

మన సముదాయం నుంచి కూడా ఉదాహరణలు ఉన్నాయి. ఒబైద్ సిద్దీఖీ గారు అలీగఢ్‌లో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివారు. గ్లాస్గోలో పీహెచ్‌డీ చేశారు. తిరిగి వచ్చి ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మాలిక్యులర్ బయాలజీ విభాగానికి, తరువాత బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జాతీయ పరిశోధన సంస్థకు పునాది వేశారు. 2006లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆయన డాక్టరు చదువు చదవలేదు.

ఇక దారి ఎలా ఉంటుందో మెట్టు మెట్టుగా చెబుతాం.

మొదటి మెట్టు డిగ్రీ. బైపీసీ పిల్లలు బీఎస్సీలో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ లాంటివి తీసుకోవచ్చు. బీఫార్మసీ ఇంకో దారి. కాలేజీ పెద్దదా చిన్నదా అన్నదానికంటే ల్యాబ్ నడుస్తోందా, కెమిస్ట్రీ గట్టిగా చెబుతున్నారా అన్నది చూడాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివి జాతీయ సంస్థలకు వెళ్లిన పిల్లలు ఉన్నారు.

రెండో మెట్టు ఎమ్మెస్సీ. చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది ఇక్కడే ఎక్కువ. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ ఉంది. మన కడపలోనే 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, జెనెటిక్స్ విభాగాలు ఉన్నాయి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఆడపిల్లల కోసమే నడుస్తోంది. అక్కడ బయోటెక్నాలజీ, అప్లైడ్ మైక్రోబయాలజీ చదవవచ్చు. అమ్మాయిని దూరం పంపలేం అనే ఇంటికి ఇది మంచి జవాబు.

ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాటిలో చాలా కోర్సులకు సీయూఈటీ పీజీ రాయాలి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయంతో నడిచే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ సీట్లకు గాట్-బి అనే పరీక్ష ఉంది. ఐఐటీలలో ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ రాయాలి. బీఫార్మసీ వారికి జీప్యాట్, నైపర్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. నైపర్ హైదరాబాద్‌లోనూ ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ ఉంది.

మెడికల్ ఎమ్మెస్సీ అనే మరో చదువు ఉంది. వైద్య కళాశాలల్లోనే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ విభాగాల్లో సాధారణంగా మూడేళ్లు చదివిస్తారు. ఇది చదివినవారు రోగులకు మందులు రాయడానికి వీల్లేదు. వైద్య కళాశాలల్లో వీరిని అధ్యాపకులుగా తీసుకునే నిబంధనలు కొన్నేళ్లకోసారి మారుతున్నాయి. చేరే ముందు ఆ ఏటి నిబంధన చదివి చేరాలి.

బైపీసీ వారికే కాదు, ఎంపీసీ పిల్లలకు కూడా ఇందులో చోటు ఉంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ చదివినవారు బయోస్టాటిస్టిక్స్‌కు వెళ్లవచ్చు. వెల్లూరు సీఎంసీలో ఆ ఎమ్మెస్సీ ఉంది. కంప్యూటర్స్ వచ్చినవారికి బయోఇన్ఫర్మాటిక్స్ ఉంది. ఏ డిగ్రీ నుంచైనా ప్రజారోగ్యం వైపు మొగ్గు ఉన్నవారు ఆయా సంస్థల అర్హతలు చూసుకుని ఎంపీహెచ్‌కు వెళ్లవచ్చు.

మూడో మెట్టు పీహెచ్‌డీ. ఇక్కడ దాతలు జాగ్రత్తగా వినాలని మనవి. ఈ చదువుకు మనం డబ్బు కట్టనక్కర్లేదు. ప్రభుత్వమే విద్యార్థికి డబ్బు ఇస్తుంది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తరువాత పని బాగుంటే సీనియర్ ఫెలోగా నెలకు 42,000. రెండేళ్లకు 8,88,000, తరువాతి మూడేళ్లకు 15,12,000. మొత్తం ఐదేళ్లలో 24 లక్షలు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఈ పరీక్ష సాధారణంగా ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, ఐసీఎంఆర్ కూడా వేరుగా జేఆర్ఎఫ్‌లు ఇస్తూ వచ్చాయి. జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది గానీ, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఇచ్చారు. పెళ్లయిపోయింది, ఇక చదువు అయిపోయింది అనుకునే అమ్మాయిల తల్లిదండ్రులు, అత్తమామలు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఫెలోషిప్ వచ్చినవారు చేరగలిగే చోట్లు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది, పోషకాహార సంస్థ ఉంది. తిరుపతిలో ఐసర్ ఉంది. కోవిడ్ వచ్చినప్పుడు వైరస్ రకాలను గుర్తించే పనిలో రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్లలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చదివిన పిల్లలు ఎందరో ఉన్నారు. టీకాలు తయారైన జీనోమ్ వ్యాలీ కంపెనీల్లో పనిచేసేవారిలో చాలామంది చదువు కూడా ఇదే.

మంచి మాత్రమే చెప్పి పంపితే అది న్యాయం కాదు. ఈ దారిలో ఉన్న కష్టాలు కూడా చెప్పాలి.

ఇది తొందరగా ఫలం ఇచ్చే చెట్టు కాదు. ఎమ్మెస్సీతో ఆగి ఫార్మా కంపెనీలోనో డయాగ్నొస్టిక్ ల్యాబులోనో చేరితే మొదటి జీతం తక్కువగానే ఉంటుంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. జేఆర్ఎఫ్ రాసిన అందరికీ రాదు. రెండు మూడుసార్లు రాయవలసి రావచ్చు. పేదింటి బిడ్డ ఇరవై ఎనిమిదేళ్ల దాకా చదువుకుంటూ ఉంటే ఇంట్లో ఎన్ని మాటలు పడవలసి వస్తుందో మనకు తెలుసు. అందుకే ఆసక్తి ఉన్నవారినే పంపాలి. నీట్ రాలేదు కాబట్టి దీనిలో వేద్దాం అనే లెక్కతో పంపవద్దు.

విదేశాల గురించి కూడా ఒక మాట. అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీ సీటు వచ్చినవారికి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎమ్మెస్ సీటు అలా కాదు, దానికి ఎక్కువగా సొంత డబ్బే కట్టాలి. ఏజెంట్లు రెండింటినీ ఒకే మాటగా కలిపి చెబుతారు. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఏది ఏదో అడిగి తెలుసుకోండి.

ఇంకో సంగతి. మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి కొత్తవారికి ఆపేసింది. ఇప్పటికీ కొందరు పెద్దలు పిల్లలకు అది ఉందని చెబుతున్నారు. ఆ ఆశ పెట్టుకోవద్దు. మన పిల్లలు అందరితో పాటు సాధారణ పరీక్షలు రాసి గెలవాలి.

సర్టిఫికెట్ల సంగతి మరీ ముఖ్యం. రాష్ట్రంలో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఇది రాష్ట్ర విద్యాసంస్థల వరకే పనిచేస్తుంది. కేంద్ర సంస్థల్లో కేంద్ర ఓబీసీ జాబితా చూస్తారు. దూదేకులవారు ఆ జాబితాలో ఉన్నారు. రాష్ట్రంలో బీసీ-ఈ అయిన ప్రతివారూ కేంద్రంలో ఓబీసీ కారు. కాబట్టి దరఖాస్తు నింపే ముందే తమ పేరు కేంద్ర జాబితాలో ఉందా లేదా చూసుకోవాలి. లేనివారు ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు అర్హులవుతారేమో తహసీల్దారు కార్యాలయంలో విచారించాలి. తప్పు గడిలో టిక్ పెట్టి, ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ పరిశీలనలో సీటు పోతే ఆ ఏడాది చదువు పోయినట్టే.

చదువు విషయంలో మన పిల్లల బలహీనత ఒకటి ఉంది. బైపీసీ తీసుకున్న బిడ్డ పదో తరగతితోనే లెక్కలు వదిలేస్తుంది. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో జీవశాస్త్రంతో పాటు కెమిస్ట్రీ, ఇంటర్ స్థాయి మ్యాథ్స్, ఫిజిక్స్ కూడా అడుగుతారు. ఉర్దూ మీడియం నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు ప్రశ్న చదివి అర్థం చేసుకోవడమే సగం పరీక్ష. ఈ రెండూ డిగ్రీ మొదటి ఏడాది నుంచే సరిదిద్దుకుంటే సరిపోతుంది. చివరి ఏడాదిలో మొదలుపెడితే ఆలస్యమే.

ఇప్పుడు ఒక అమ్మాయి గురించి చెబుతాం. మా బడిలో పదో తరగతి చదివింది. తండ్రికి సైకిల్, స్కూటర్ పంక్చర్లు వేసే చిన్న దుకాణం. రెండుసార్లు నీట్ రాసింది, ప్రభుత్వ సీటు రాలేదు. బీఎస్సీ మైక్రోబయాలజీలో చేరి మంచి మార్కులతో పాసైంది. ఎవరో స్నేహితురాలు చెబితే పీజీ ప్రవేశ పరీక్ష రాసింది. దూరంగా ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఫీజు చాలా తక్కువ. కానీ ప్రవేశం ఖాయం చేసుకోవడానికి, హాస్టల్ అడ్వాన్సుకు కలిపి పాతిక వేల లోపు డబ్బు నాలుగు రోజుల్లో కట్టాలి. ఆ నాలుగు రోజుల్లో తండ్రి పదిహేను వేలు కూడబెట్టగలిగాడు. గడువు దాటింది, సీటు తరువాతి ర్యాంకు వారికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటి దగ్గర చిన్నపిల్లలకు ట్యూషన్ చెబుతోంది.

"సొసైటీని ఎందుకు అడగలేదు భాయీ?" అని తరువాత ఆ తండ్రిని అడిగాం. ఆయన చెప్పిన జవాబు మీ ముందు పెట్టాలనే ఇంత దూరం వచ్చాం. "మీ ఫారంలో ఇంటర్, డిగ్రీ, ఇంజనీరింగ్, ఎంబీబీఎస్ అని ఉంది సార్. ఈ చదువు పేరు అందులో లేదు. దీనికి ఇవ్వరేమో అనుకున్నా" అన్నాడు. ఆయన తప్పు లేదు. ఈ గదిలో కూర్చున్నవారిలో ఎవరిని అడిగినా ఆ పది వేలు గంటలో ఇచ్చేవారు. డబ్బు లేక పోయిన సీటు కాదు అది.

అందుకని దాతలకు, కార్యవర్గానికి మా మనవులు ఇవి. అన్నీ చిన్నవే.

మొదటిది, దరఖాస్తుల ఖర్చు. ఒక్కో ప్రవేశ పరీక్షకు ఫీజు సుమారు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు కొన్నింటిలో తగ్గింపు ఉంది. నాలుగు పరీక్షలు రాస్తే ఫీజులు, ప్రయాణాలు కలిపి పది పన్నెండు వేలు అవుతాయి. పేద విద్యార్థి ఆ డబ్బు లేక ఒకే పరీక్ష రాసి ఊరుకుంటున్నాడు. అమ్మాయిలకైతే తోడు వెళ్లే తల్లికో అన్నకో కూడా టికెట్ డబ్బు కలపాలి. ఆ రెండో టికెట్ లేక పరీక్షకు వెళ్లని అమ్మాయిలు ఉన్నారు.

రెండోది, అత్యవసర ప్రవేశ నిధి. సీటు వచ్చిన నలభై ఎనిమిది గంటల్లో కార్యదర్శి, ఇద్దరు సభ్యులు సంతకం పెట్టి డబ్బు విడుదల చేసే ఏర్పాటు కావాలి. నెలవారీ సమావేశం దాకా ఆగితే గడువు ఆగదు. దీన్ని ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. జేఆర్ఎఫ్ వచ్చిన బిడ్డ వడ్డీ లేని ఆ అప్పును తేలిగ్గా తీర్చగలడు. తీరిన డబ్బు మళ్లీ ఇంకో బిడ్డకు వెళుతుంది. జకాత్ డబ్బులో ఏ భాగం దేనికి వాడాలన్నది ఉలమా పెద్దల మాట ప్రకారం నిర్ణయించుకుందాం. మిగిలినది సదఖా, విరాళాల నుంచి తీయవచ్చు.

మూడోది, ఎమ్మెస్సీ రెండేళ్ల హాస్టల్, మెస్ ఖర్చు. పీహెచ్‌డీకి ప్రభుత్వం ఇస్తుంది, డిగ్రీ ఇంటి దగ్గర గడుస్తుంది. బిడ్డ చేయి జారిపోయేది మధ్యలో ఉన్న ఈ రెండేళ్లలోనే. ఒక దాత ఒక విద్యార్థిని రెండేళ్లు చూసుకుంటే చాలు.

నాలుగోది, డబ్బు కానిది. డిగ్రీ చదివే పిల్లలకు ఆదివారాల్లో మ్యాథ్స్, ఇంగ్లీషు చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం. రిటైరైన ఉపాధ్యాయులు ఇంకొందరు ముందుకు రావాలి. ఒక గది, ఒక ఇంటర్నెట్ కనెక్షన్, పాత ప్రశ్నపత్రాలు ఉంటే చాలు. ఏ పరీక్ష దరఖాస్తు ఎప్పుడు వస్తుందో ఆ గది గోడ మీద రాసి పెడదాం. జామ్, గేట్ దరఖాస్తులు సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వస్తాయి, పరీక్షలు ఫిబ్రవరిలో జరుగుతాయి. మే నెలలో డిగ్రీ రిజల్టు వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే అప్పటికే బండి వెళ్లిపోయి ఉంటుంది. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. రెండు నెలలు మంచి ల్యాబులో పనిచేసి వచ్చిన బిడ్డ కళ్లు వేరుగా ఉంటాయి. వాటికి కూడా మన పిల్లలు దరఖాస్తు చేయాలి.

ఐదోది, వచ్చే ఏడాది ఉపకార వేతన ఫారంలో ఒక గడి కలపండి: 'పీజీ, పరిశోధన ప్రవేశాలు'. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాదు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట చెప్పి ముగిస్తాం. మీ బిడ్డకు డాక్టరు సీటు రాకపోతే ఆ రోజు ఇంట్లో మాట జాగ్రత్తగా రానివ్వండి. పదిహేడేళ్ల బిడ్డ ఆ రోజు విన్న మాటను జీవితాంతం మోస్తుంది. కొద్ది రోజులు ఆగి డిగ్రీలో చేర్చండి. ఏ సబ్జెక్టు అంటే ఇష్టమో అడగండి. తరువాతి మెట్టు చూపించడానికి ఈ సొసైటీ ఉంది, మేము ఉన్నాం.

 మీరు ఇచ్చిన ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించాలని, ఆ రూపాయితో చదివిన బిడ్డలు కులమత భేదం లేకుండా రోగులందరికీ ఉపయోగపడే పని చేయాలని దుఆ చేస్తున్నాం.